ఊపిరి పరీక్షల గదిలో ఏం జరుగుతుంది?

ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన రోజు నుంచి మన ఊరోళ్లకు మనం సగం డాక్టర్లం. ఎవరికి ఏ పరీక్ష రాసినా ఆ చీటీ ఫొటో మన వాట్సాప్‌కు వస్తుంది. దాని కింద ఒక వాయిస్ మెసేజ్: "బిడ్డా, ఇదేందో జర చూసి చెప్పరాదు." బ్రాంచితో పని లేదు. సివిలైనా ఈసీఈ అయినా ఇంగ్లిష్ చదవొస్తే చాలు, రిపోర్టు కూడా చదవొస్తుందని లెక్క.

రిపోర్టు చూసి జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని. దాని జోలికి మనం పోవద్దు. కానీ ఆ ఫొటో వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని పెద్దోళ్లు నోరు తెరిచి అడగరు. "ఆ గదిలకు తీస్కపోయి నన్ను ఏం చేస్తరు? నొప్పి లేస్తదా?" దీనికి మాత్రం మనం జవాబు చెప్పగలం. చెప్పడం అవసరం కూడా. రక్తపరీక్షకు చెయ్యి చాపితే అయిపోతుంది, మిగతాది యంత్రం చూసుకుంటుంది. ఊపిరితిత్తుల పరీక్షలు ఆ బాపతు కాదు. పేషెంటు గట్టిగా ఊదాలి, ఊపిరి బిగబట్టాలి, లోపలి నుంచి దగ్గి తెమడ తీయాలి. పరీక్షలో సగం పని పేషెంటుదే. ఏం చేయాలో ఆయనకు అర్థం కాకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పు లెక్కే ఇస్తుంది. అందుకే ఈ వ్యాసం: ఏ పరీక్షలో ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, మనవాళ్లను ఎట్లా సిద్ధం చేయాలి.

మన దిక్కు ఊపిరితిత్తులు

కల్వకుర్తి మ్యాపులో మంచి కూడలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు, జడ్చర్ల నుంచి కోదాడ పోయే రోడ్డు ఇక్కడే కలుస్తాయి. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చినా, అంతకుముందంతా పాలమూరే. పాలమూరు అనగానే గుర్తొచ్చే మాట వలస. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా, సొరంగం తొలిచినా "పాలమూరు లేబర్" అక్కడ ఉన్నారని అంటారు. రాయి తొలిచినచోట, సిమెంటు కలిపినచోట లేచే దుమ్ము ఎక్కడికి పోతుంది? కొంత గాలిలో కలుస్తుంది, కొంత పనిచేసే మనిషి ఛాతీలోకి పోతుంది.

వలస పోనివాళ్లకు వేరే దుమ్ములున్నాయి. పత్తి జిన్నింగ్ మిల్లులో నూగు, కంకర మిషన్ల దగ్గర రాతిపొడి, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ, వీటన్నిటి మీద బీడీ. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో క్వార్ట్జ్ రాయిని పొడి చేసే యూనిట్లలో పనిచేసినవాళ్లు సిలికోసిస్ బారిన పడ్డారని పత్రికల్లో వచ్చింది. సిలికోసిస్ అంటే సన్నని రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, అక్కడి మెత్తని కండ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. పోయిన కండ తిరిగి రాదు. పైగా ఎక్స్‌రేలో ఈ మచ్చలు కొన్నిసార్లు టీబీ మచ్చల్లాగే కనిపిస్తాయి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు కూడా ఎక్కువే. ఏది ఏదో తేల్చడానికే ఇన్ని పరీక్షలు.

అందుకే మొదటి పరీక్షకు యంత్రమే ఉండదు. అది డాక్టరుతో మాట. దగ్గు ఎన్నాళ్లుగా, తెమడ ఏ రంగు, నెత్తురు పడుతుందా, రాత్రి చెమటలా, బరువు తగ్గారా అని అడుగుతారు. వీటికి మనవాళ్లు చెప్తారు. కానీ "ఏం పని చేస్తవు?" అంటే "యవసాయం" అని ఒక్క మాటతో ఊరుకుంటారు. పదిహేనేండ్ల కింద బొంబాయిలోనో పుణెలోనో రాయి కొట్టిన సంగతి గుర్తుకు రాదు, వచ్చినా ఇప్పుడు దేనికిలే అనుకుంటారు. సిలికోసిస్ ఆ దుమ్ము పీల్చిన చాలా ఏండ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. పక్కన ఉన్నది మీరే అయితే ఆ మాట మీరే అందించండి. ఇందులో వైద్యం ఒక్కటే కాదు, హక్కు కూడా ఉంది. చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. నష్టపరిహారం వర్తించే, వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితాలో కూడా అది ఉంది. చీటీ మీద పని సంగతి రాయించకపోతే రేపు ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మాట అయ్యాక స్టెతస్కోపు. 1816లో ఫ్రాన్స్ డాక్టరు లేనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు, దాని వారసురాలే ఇది. "నోరు తెరిచి నిండుగ పీల్చు, వదులు" అంటారు. ముక్కుతో మెల్లగా పీలిస్తే లోపలి చప్పుడు సరిగ్గా వినపడదు. నోటితో, తొందర పడకుండా పీల్చాలి. ఆ తర్వాత వేలికి క్లిప్పు. కరోనా కాలంలో ప్రతి ఇంటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరే. ఎరుపు కాంతి, కంటికి కనపడని పరారుణ కాంతి రెండింటినీ వేలిలోంచి పంపి, రక్తం దేన్ని ఎంత మింగిందో చూసి ఆక్సిజన్ శాతం లెక్కకడుతుంది. దీని వెనకున్న ఆలోచన 1970లలో జపాన్ ఇంజనీరు తకువో అవోయాగిది. గోరుకు మైదాకు, నెయిల్ పాలిష్ ఉన్నా, చేతులు చల్లబడినా అంకె తప్పు రావొచ్చు. చర్మం బాగా నల్లగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించొచ్చని కూడా పరిశోధనల్లో తేలింది. కాబట్టి అంకె బాగుంది కదా అని మనిషి ఆయాసాన్ని కొట్టిపారేయొద్దు.

ఎక్స్‌రే: ఒక్క క్షణం, ఒక్క ఊపిరి

ఛాతీ ఎక్స్‌రేకు నొప్పి లేదు, సూది లేదు. ఫొటో తీయడానికి పట్టేది క్షణంలో చిన్న ముక్క. మెడలో పుస్తెలతాడు, గొలుసు, తాయెత్తు తీయమంటారు. లోహం తెల్లగా పడి వెనకున్నదాన్ని దాచేస్తుంది. పుస్తెలతాడు తీయాలంటే అవ్వలు ఇష్టపడరు. ఎందుకు తీయాలో ఇంట్లోనే ముందు చెప్పి ఉంచితే గదిలో ఇబ్బంది ఉండదు. పసుపుతాడుకు మార్చుకుని పోయేవాళ్లూ ఉన్నారు.

పలకకు ఛాతీ ఆనించి, గదమ పైకెత్తి, భుజాలు ముందుకు తోసి నిలబడమంటారు. భుజాలు ముందుకు వస్తే వీపు మీది రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీది నుంచి పక్కకు జరుగుతాయి. తర్వాత "గాలి పీల్చి బిగబట్టు" అంటారు. అసలు విషయం అక్కడే ఉంది. నిండుగా పీలిస్తే పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రం కిందికి దిగి, ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకుంటాయి. సగం పీల్చి ఆపితే కింది భాగం మబ్బుగా, గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు అనిపించొచ్చు. ఇంటి దగ్గర రెండుసార్లు పీల్చి బిగబట్టడం చేయించండి, చాలు.

రేడియేషన్ భయం గురించి ఒక లెక్క. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి తగిలేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్. భూమి నుంచి, ఆకాశం నుంచి సహజంగానే మనకు తగిలే రేడియేషన్‌తో పోలిస్తే అది పది రోజుల కోటా. గర్భిణులు మాత్రం ముందే చెప్పాలి.

ఇంకో మాట. పాత ఎక్స్‌రేలు పారేయకండి. ఇప్పుడున్న మచ్చ కొత్తదా, ఐదేండ్ల కిందటిదా అన్నది పక్కన పాత ఫిల్ము పెట్టి చూస్తేనే తేలుతుంది. బీరువా పైన బియ్యం సంచిలో మడిచి పెట్టింది కూడా పనికొస్తుంది.

తెమడ పరీక్ష: ఉమ్మి కాదు, తెమడ

రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించుకోవాలి. ఇది దేశమంతటా ఉన్న నియమం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెమడ పరీక్ష ఉచితం. ఒక చిన్న డబ్బా చేతికిస్తారు. సాధారణంగా ఒక నమూనా అక్కడికక్కడ, ఇంకోటి పొద్దున లేవంగనే ఇంటి దగ్గర తీసింది అడుగుతారు. రాత్రంతా ఊపిరితిత్తుల్లో పేరుకున్నది పొద్దున బయటికి వస్తుంది కాబట్టి దాంట్లో క్రిమి దొరికే అవకాశం ఎక్కువ.

ఎక్కువమంది డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. అది నోట్లో ఊరిన నీరు, ఊపిరితిత్తులతో దానికి సంబంధం లేదు. పరీక్ష "లేదు" అని వస్తుంది, జబ్బు మాత్రం లోపల ఉంటుంది. సరైన పద్ధతి ఇది: ఏమీ తినకముందు ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించాలి. బయట గాలి ఆడేచోట, పక్కన ఎవరూ లేకుండా నిలబడాలి. రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు ఆపి, అడుగు నుంచి దగ్గాలి. చిక్కగా, జిగటగా వచ్చింది తెమడ. అది కనీసం అర టీ చెంచాడన్నా ఉండాలి. మూత గట్టిగా పెట్టి, ఆలస్యం చేయకుండా ఇచ్చి రావాలి.

ఆ డబ్బా ఏమవుతుంది? పాత పద్ధతిలో రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని ప్రకటించింది కూడా రంగువేసే కిటుకుతోనే. ఇప్పుడు క్రిమి జన్యుపదార్థాన్నే వెతికే యంత్రాలున్నాయి. జీన్ఎక్స్‌పర్ట్ సుమారు రెండు గంటల్లో చెప్తుంది. మన దేశంలోనే, గోవా కంపెనీ మోల్‌బయో తయారు చేసిన ట్రూనాట్ చిన్న చిప్పు మీద, బ్యాటరీతో నడుస్తుంది. కరెంటు నమ్మకం లేని చిన్న ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ఆమోదించింది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా ఈ యంత్రాలు చెప్తాయి.

కొన్నిసార్లు "కల్చర్ పెట్టినం, వారాలు పడుతది" అంటారు. ల్యాబువాళ్లు ఆలస్యం చేస్తున్నారని అనుకోవద్దు. మామూలు పేగు బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెండింతలైతే, టీబీ క్రిమికి సుమారు 20 గంటలు పడుతుంది. అది పెరగాలంటే ఆరు వారాల దాకా చూడాల్సిందే.

టీబీ అని తేలితే ఇల్లంతా చీకటైపోయినట్టు కూర్చుంటారు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆ మాట గడప దాటనివ్వరు. ఆ భయంతోనే పరీక్షకు పోనివాళ్లు ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సింది రెండు సంగతులు. మందులు లొంగే టీబీకి మామూలుగా ఆరు నెలల చికిత్స, అది ఉచితం. చికిత్స నడిచినన్నాళ్లు తిండి కోసం కేంద్రం నెలకు ఇంతని లెక్కగట్టి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుంది. 2018లో 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైంది.

ఊదే పరీక్ష: అసలు గట్టు ఇదే

చీటీ మీద "పీఎఫ్‌టీ" అనో "స్పైరోమెట్రీ" అనో ఉంటే అది ఊదే పరీక్ష. ఆస్తమా, బీడీ పొగతోనో పొయ్యి పొగతోనో వచ్చే సీఓపీడీ, దుమ్ము జబ్బులు ఎంత ముదిరాయో చెప్పేది ఇదే. నొప్పి ఉండదు. కానీ అన్ని పరీక్షల్లో పేషెంటు మీద ఎక్కువ ఆధారపడేది కూడా ఇదే.

1846లో జాన్ హచిన్సన్ అనే ఇంగ్లండు డాక్టరు నీళ్లలో బోర్లించిన డబ్బాలోకి మనుషుల చేత ఊదించి, ఎన్ని లీటర్లో కొలిచాడు. ఇప్పటి యంత్రం ఆ డబ్బాను ఒక చిన్న సెన్సరుతో మార్చేసింది. కొన్ని యంత్రాల్లో గాలి దారిలో సన్నని అడ్డు పెడతారు. అడ్డుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూస్తే గాలి వేగం తెలుస్తుంది. కరెంటు, వోల్టేజీ, రెసిస్టెన్సు గుర్తొచ్చాయా? అదే లెక్క. ఆ వేగాన్ని కాలంతో ఇంటిగ్రేట్ చేస్తే ఘనపరిమాణం. ఫస్టియర్ గణితం ఇక్కడ పనికొచ్చింది.

యంత్రం ముఖ్యంగా రెండు అంకెలు చూస్తుంది. నిండుగా పీల్చి మొత్తం ఊదితే ఎన్ని లీటర్లు వచ్చింది అన్నది ఒకటి. దాంట్లో మొదటి సెకనులోనే ఎంత వచ్చింది అన్నది రెండోది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సుమారు మూడొంతుల గాలిని మొదటి సెకనులోనే బయటికి నెట్టేస్తారు. మందు పీల్చాక కూడా ఈ నిష్పత్తి 0.7 కంటే తక్కువ ఉంటే గాలి గొట్టాలు ఇరుకయ్యాయని డాక్టర్లు అనుమానిస్తారు. ఇరుకు అనే మాట చిన్నగా వినిపిస్తుంది గానీ, గాలి నునుపుగా పారే గొట్టంలో వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పోజెయ్ సూత్రం చదివినవాళ్లకు తాత ఎందుకు మెట్లెక్కలేకపోతున్నాడో దీంతో అర్థమవుతుంది. మొదటి సెకను బాగానే ఉండి మొత్తం గాలే తక్కువైతే, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయేమో అన్న దిక్కు చూస్తారు. సిలికోసిస్ ముదిరినవాళ్లలో అట్లా రావొచ్చు.

గదిలో ఏం జరుగుతుందంటే: కుర్చీలో నిటారుగా కూర్చోబెడతారు. ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టాన్ని పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు బిగించాలి. "నిండుగ పీల్చు... ఊదూ!" అని టెక్నీషియన్ ఒక్కసారిగా అరుస్తారు. ఆ తర్వాత "ఇంక, ఇంక, ఇంక, ఆపకు" అంటూనే ఉంటారు. ఆ అరుపు కోపంతో కాదు, పరీక్ష పద్ధతే అది. లోపల గాలి అయిపోయినట్టు అనిపించినా ఇంకా కొంత మిగిలే ఉంటుంది, దాన్ని కూడా రాబట్టాలి. కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి, రాకపోతే ఎనిమిదిసార్ల దాకా చేయిస్తారు. మంచి ఊదుడు రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆ తర్వాత గాలి గొట్టాలను వదులు చేసే మందు పీల్పించి, ఓ పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. మందుతో ఎంత తెరుచుకున్నాయో చూడటానికి. తల తిరిగినట్టు, దగ్గు వచ్చినట్టు అవ్వొచ్చు. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది.

మా పెద్దనాయినకు మొదటిసారి ఈ పరీక్ష చేయించింది ఒక ప్రైవేటు సెంటర్లో. అక్కడ చెప్పే మాటలన్నీ సగం హిందీ, సగం ఇంగ్లిష్. "ఫుల్ ఎక్స్‌హేల్, అంకుల్" అంటే ఆయన తల ఊపి, టీ చల్లార్చుకున్నట్టు మెల్లగా ఊదాడు. ఆరుసార్లు ఊదాక రిపోర్టు మీద "ప్రయత్నం సరిపోలేదు" అని రాసిచ్చారు. పైసలు పోయినయి, రోజు కూలీ పోయింది, జబ్బు సంగతి తేలలేదు. రెండోసారి ఇంకోచోట ఒక అమ్మాయి టెక్నీషియన్ ముందు తాను ఊది చూపించింది. "పెద్దాయినా, పొయ్యి అంటుకుంటలేదనుకో. ఊదుగొట్టంతోని ఒక్కసారి గుప్పుమని ఊదుతవు గద, గట్ల మొదలుపెట్టు. గానీ ఆపొద్దు. తడిబట్ట పిండినట్టు ఆఖరి చుక్క దాంక పిండు." నాలుగు ఊదుళ్లలో పరీక్ష అయిపోయింది. యంత్రం అదే రకం, ఊపిరితిత్తులు అవే. మారింది మాట.

కొవ్వొత్తులు ఆర్పినట్టు ఊదమని చాలాచోట్ల చెప్తారు. కేకు కోయని తరానికి ఆ పోలిక అందదు. ఊదుగొట్టం అందుతుంది.

ఇంకా కొన్ని చిన్న సంగతులు పెద్ద తేడా తెస్తాయి. మన అంకె మంచిదా కాదా అని యంత్రం ఎట్లా చెప్తుంది? వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి ఎక్కించుకుని, అట్లాంటివాళ్లకు ఎంత ఉండాలో లెక్కకట్టి, దాంతో పోల్చి శాతం ఇస్తుంది. మన తాతల ఆధార్ కార్డులు చూడండి, చాలామంది పుట్టింది జనవరి 1నే. ఏడాది కూడా అందాజగా రాసిందే. పెద్దవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నా మొదటి సెకను గాలి ఏడాదికి సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతూ పోతుంది. పదేండ్ల వయసు తప్పు పడితే పోలికలోనే పావు లీటరు పైన తేడా. నడుము వంగిన అవ్వ ఎత్తు కూడా అంతే. అట్లాంటప్పుడు రెండు చేతులు బారచాపి ఆ కొలతతో ఎత్తు అంచనా వేసే పద్ధతి ఉంది, అడగండి. ఏ దేశపు జనం కొలతలతో పోలుస్తున్నారన్నది కూడా పెద్ద చర్చే. జాతిని బట్టి వేర్వేరు లెక్కలు వాడే పాత పద్ధతి బదులు అందరికీ ఒకే లెక్క వాడే సమీకరణాలు 2022లో వచ్చాయి. ఒకే మనిషి ఒక లెక్కలో మామూలుగా, ఇంకో లెక్కలో తక్కువగా కనిపించొచ్చు. కాబట్టి వేర్వేరు చోట్ల రిపోర్టులు పోల్చేటప్పుడు శాతంతోపాటు లీటర్లు కూడా చూడమని డాక్టరును అడగొచ్చు.

పోయే ముందు: కడుపునిండా తిని పోవద్దు. కనీసం గంట ముందు నుంచి బీడీ, సిగరెట్ వద్దు. నడుముకు బిగుతుగా ఏమీ కట్టొద్దు. ఆడవాళ్లు ముందే బాత్రూముకు పోయి వస్తే నిశ్చింతగా ఊదగలుగుతారు, గట్టిగా ఊదేటప్పుడు మూత్రం జారుతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పరు. కట్టుడు పళ్లు సరిగ్గా కూర్చుంటే ఉంచుకోవచ్చు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరునే అడగాలి, సొంతంగా ఆపొద్దు. ఈమధ్య గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ అయినా, నోట్లోంచి నెత్తురు పడుతున్నా, టీబీ అనుమానం ఉన్నా ఊదకముందే చెప్పాలి.

సీటీ స్కాన్

ఎక్స్‌రేలో తేలనిది సీటీలో చూస్తారు. పేద్ద గారె లాంటి యంత్రం, దాని బొక్కలోంచి బల్ల ముందుకూ వెనక్కూ కదులుతుంది. మనిషిని లోపల పెట్టి మూసేయరు. ఎంఆర్ఐ గురించి విన్న భయాలను చాలామంది దీనికి అంటగడతారు. చేతులు తలమీదికి పెట్టి పడుకుని, చెప్పినప్పుడు కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బిగబట్టకపోతే కదిలిన ఫొటోలాగ మసకగా వస్తుంది. అంతా కలిపి పావుగంట. రేడియేషన్ మాత్రం ఎక్స్‌రే కంటే చాలా ఎక్కువ, మామూలుగా 5 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు. అందుకే డాక్టరు రాస్తేనే తీయించుకోవాలి, "ఎందుకైనా మంచిదని" మనంతట మనం పోవద్దు. కొన్నిసార్లు నరంలోకి మందు ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్లంతా వెచ్చబడినట్టు అవుతుంది, గాబరా పడొద్దు. కిడ్నీ జబ్బు, అలర్జీ, షుగరు మందులు ఉంటే ముందే చెప్పాలి.

గొట్టం పరీక్ష

బ్రాంకోస్కోపీ పేరు వినంగనే ఇంటికి తిరిగొచ్చేవాళ్లున్నారు. "గొంతుల గొట్టం ఏస్తరంట" అన్న మాట చాలు. పైగా ముందు కాగితం మీద సంతకం అడుగుతారు. సంతకం అంటే ప్రాణం మీదికి వచ్చిందని మనవాళ్ల లెక్క. అది అన్నిచోట్లా ఉండే పద్ధతి. ఏం చేస్తారో, ఏ ఇబ్బందులు రావొచ్చో చెప్పి, ఒప్పుకున్నట్టు తీసుకునే కాగితం. చదివి వినిపించమని అడిగే హక్కు మనకుంది.

1897లో జర్మనీ డాక్టరు గుస్తావ్ కిల్లియన్ ఒక రైతు ఊపిరిగొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గట్టి లోహపు గొట్టంతో తీశాడు. 1960ల చివర్లో జపాన్ డాక్టరు షిగెటో ఇకెడా ఆప్టికల్ ఫైబర్లతో వంగే గొట్టం తెచ్చాడు. ఇప్పుడు వాడేది పెన్సిల్ కంటే సన్నగా, చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టం.

ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు, తాగకూడదు. ఎన్ని గంటలో ఆసుపత్రివాళ్లు చెప్తారు. కడుపులో తిండి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం, కాబట్టి "ఒక్క చాయ్ తాగితే ఏమైతది" అనొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చాలా ముందే చెప్పాలి. గొంతులో మొద్దుబారే మందు కొడతారు, చేదుగా ఉంటుంది, గుటక పడనట్టు అనిపిస్తుంది. చాలాచోట్ల మత్తు కూడా ఇస్తారు. గొట్టం ముక్కులోంచో నోట్లోంచో పోతుంది. దగ్గు వస్తుంది, ఊపిరి ఆగిపోతుందేమో అనిపిస్తుంది. కానీ గొట్టం పక్క నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ కూడా పెడతారు. ఈ ఒక్క మాట ముందే తెలిసినవాళ్లు తక్కువ కంగారు పడతారు. మామూలుగా అరగంటలోపు అయిపోతుంది. అయ్యాక గొంతు మొద్దు వదిలేదాకా, అంటే రెండు గంటల వరకు, నీళ్లు కూడా ఇవ్వకూడదు. ముక్క తీసి ఉంటే తెమడలో కొద్దిగా నెత్తురు జీర, ఆ రాత్రి కాస్త జ్వరం రావొచ్చు. నెత్తురు ఎక్కువ పడినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మత్తు ఇచ్చిన రోజు పేషెంటు బండి నడపొద్దు, వెంట ఒకరు ఉండాలి.

మన పల్లీల జిల్లాలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చిన్నపిల్లల ఊపిరిగొట్టంలో ఇరుక్కునే వాటిలో పల్లీలది మొదటి వరస. పల్లీలు తింటూ ఆడుకున్న పిల్లకు ఒక్కసారిగా దగ్గు పట్టుకుని తగ్గకపోతే, ఆ పల్లీ సంగతి డాక్టరుకు చెప్పాలి. దాన్ని తీసేది కూడా గొట్టంతోనే.

మిగిలినవి, క్లుప్తంగా

ఆరు నిమిషాల నడక: వరండాలో గీసిన గీతల మధ్య ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తారు. పరుగు పందెం అనుకోవద్దు, ఆయాసమొస్తే ఆగొచ్చు. రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని పోవాలి.

మణికట్టు దగ్గర రక్తం: ఇది సిర నుంచి కాదు, ధమని నుంచి తీస్తారు. మామూలు సూది కంటే నొప్పి ఎక్కువే. తీశాక కనీసం ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే: కూర్చోబెట్టి, వీపు మీద మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో నీరు తీస్తారు. ఆ సమయంలో కదలొద్దు, దగ్గు వస్తే ముందే చెప్పాలి. "వీపుల నీళ్లు తీస్తే మనిషి లేవడు" అని ఊళ్లలో ఒక భయం ఉంది. నీరు ఎక్కువ ఉన్నవాళ్లకు తీశాక ఊపిరి తేలికవుతుంది కూడా.

ఎక్కడికి పోవాలి, ఏం తీసుకుపోవాలి

ఊపిరితిత్తుల పరీక్షలన్నిటికీ హైదరాబాదే పోవాలని మనవాళ్ల నమ్మకం. తెమడ పరీక్ష, ఎక్స్‌రేతో మొదలయ్యే దారి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి నుంచే ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడా తేలకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి ప్రత్యేకంగా వీటికోసమే ఉంది. ఏ పరీక్ష ఏ రోజు, ఎన్ని గంటలకు చేస్తారో ముందు అడిగి పోతే ఒక రోజు కూలీ మిగులుతుంది.

సంచిలో ఇవి ఉండాలి: పాత ఎక్స్‌రేలు, పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందుల డబ్బాలు, ఇన్‌హేలరు. మీ చేత్తో రాసిన ఒక కాగితం కూడా పెట్టండి. ఎన్నేండ్లు ఏ ఊర్లో ఏ పని చేశారు, బీడీ రోజుకు ఎన్ని, దగ్గు ఎప్పటి నుంచి, అసలు వయసు ఎంత. డాక్టరు దగ్గర దొరికే ఐదు నిమిషాల్లో ఈ కాగితం చాలా పని చేస్తుంది. బయటికి వచ్చేముందు మూడు మాటలు అడగండి: ఈ పరీక్ష ఏం తేల్చడానికి? రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఎవరికి చూపించాలి? ఏమీ దొరకకపోతే తర్వాత ఏంది?

ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో దగ్గులు వినండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా ఉంటే సిరప్పు సీసా పక్కన పెట్టి, పొద్దున తెమడ ఎట్లా తీయాలో చూపించండి. ఊదే పరీక్ష రాసి ఉంటే అరుగు మీద కూర్చోబెట్టి రెండుసార్లు ఊదించండి. పిల్లలు నవ్వుతారు, అవ్వ కూడా నవ్వుతుంది. నవ్వినా సరే, ఎట్లా ఊదాలో ఆమెకు తెలిసిపోతుంది.